మధ్యలో ఒక్క సంఖ్య

“ఆ నంబరు మార్చి పారెయ్యమంటే నీకేం నొప్పి?” కంచం ముందు కూర్చుని గొంతు పెంచాడు కృపారావు.

“బ్యాంకుకీ గ్యాసుకీ అదే ఇచ్చానండి. ఇప్పుడు ఎక్కడెక్కడ మార్చుకుంటూ తిరగను?” చారు పోస్తూ అంది జ్యోత్స్న.

“అందుక్కాదులే నాన్నా. మాస్టారి పాఠాలు పోతాయని అమ్మకి దిగులు,” కూతురు షారోన్ నవ్వింది.

జ్యోత్స్న తెనాలిలో ఆ సిమ్ కొన్న కొత్తలోనే మొదలయ్యాయి ఆ ఫోన్లు. రేపల్లె నుంచి అంద్రెయ అనే పెద్దాయన. ప్రతి ఆదివారం, ఆమె గుడి నుంచి ఇంటికి చేరే వేళకి.

మొదటిసారి “ఎవరండీ?” అంటే పేరూ ఊరూ చెప్పాడు.

తర్వాత మెల్లగా, “మీ నంబరు ప్రధాన సంఖ్యమ్మా. ఒకటీ, తనూ తప్ప ఇంకే సంఖ్యా దాన్ని భాగించలేదు,” అన్నాడు.

“అయితే ఏంటండీ?”

“ఏం లేదమ్మా. చెబుదామనిపించింది.”

ఇంకో ఆదివారం, “మీ నంబరు చివర ఏడు, నా నంబరు చివర తొమ్మిది. మిగతా అంకెలన్నీ ఒకటే. నాదీ ప్రధాన సంఖ్యే. ఇలాంటి జంటని కవలలంటారు. మధ్యలో ఒక్క సంఖ్యే అడ్డం,” అన్నాడు.

“మీరు లెక్కల మాస్టారా అండీ?”

ఆయన నవ్వాడు. అవుననలేదు, కాదనలేదు.

ఇంట్లో ఎవరి ఫోను వాళ్లది. తనతో తీరిగ్గా మాట్లాడే మనిషి ఆయనొక్కడే అని జ్యోత్స్న ఎవరితో చెబుతుంది?

“పిచ్చిదానా, చివరి అంకె మార్చుకుంటూ వరసన అందరికీ కొడుతున్నాడు. రేపు ఓటీపీ అడుగుతాడు చూడు,” అంటూ కృపారావు చెయ్యి కడుక్కొచ్చి, ఆమె ఫోను తీసుకుని, ఆయన్ని బ్లాక్ చేశాడు.

జ్యోత్స్న ఎంగిలి కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

ఆదివారాలు వచ్చి పోయాయి. గుడి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా ఫోను పక్కన కూర్చునేది. మోగదని తెలిసీ.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, బ్లాక్ తీసి తనే చేసింది.

అవతల ఎవరో ఆడమనిషి.

“ఎవరమ్మా నువ్వు? ఫోన్లో మా వదిన పేరు పడిందేంటి? ఆవిడ పోయి మూడేళ్లయిందే!”

జ్యోత్స్న లేచి నిలబడింది.

“వాడకుండా వదిలేసిన నంబర్లు మళ్లీ కొత్తవాళ్లకిస్తారండి. ఆవిడది నాకు వచ్చినట్టుంది… అంద్రెయ గారున్నారా?”

“అన్నయ్య మొన్న బుధవారం పోయాడమ్మా. కడదాకా ఫోను చేతిలోనే పట్టుకున్నాడు. ఎవరికి చేసేవాడో, కలిసేది కాదు.”

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా జ్యోత్స్న నిలబడే వింది.

ఆ రోజు భోజనాల దగ్గర, అందరికీ వడ్డించాక అంది.

“నేనీ నంబరు మార్చట్లేదండి. ఇక ఆ మాట ఎత్తకండి.”

“ఏంటి, మీ మాస్టారు మళ్లీ చేశాడా?” అన్నాడు కృపారావు.

“ఆయన మాస్టారు కాదు. రైసుమిల్లులో కాటా వేసేవారు. బాపట్లలో లెక్కలు చెప్పింది ఆయన భార్య. ఆవిడ నేర్పిన పాఠమే, పాపం, ఆవిడ నంబరుకి అప్పజెప్పేవారు.”