చీకటి గదిలో పచ్చ కుండ

"తలుపు తెరిచింది నువ్వేగదా? అబద్ధం చెప్పొద్దు."

ధనమ్మాళ్ కోడలి మొహాన వేలు పెట్టి అడిగింది. బయట చిన్నమనూరు వీధిలో మేళం మొదలైంది. మొలకల కుండలు నెత్తిన పెట్టుకొని ఏటికి పోవాల్సిన ఆడవాళ్ళంతా గడప దగ్గర నోళ్ళు నొక్కుకుంటున్నారు.

ముళైపారి అంటే అమ్మవారి జాతరకు కుండల్లో పెంచే మొలకలు; అవి కిటికీ లేని గదిలో, ఎండ పొడ తగలకుండా, లేత పసుపుగా పాలిపోయి పెరగాలి. అమ్మవారికి అలాగే ఇష్టమంటారు. కుండలన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది మాత్రం వరినారులా పచ్చగా కళకళలాడుతోంది. పోయిన ఏడు చచ్చిపోయిన కూతురు భువనేశ్వరి పేరున ధనమ్మాళ్ పెట్టిన కుండ అది.

"నేను అబద్ధం చెప్పలే అత్తా. తాళంచెవి మీ కాడే గదా ఉండాది" అంది రుక్మణి.

"అయితే అదెట్ల పచ్చబడె? బళ్ళో సైన్సు పాఠాలు చెప్తావు గదా, చెప్పు."

చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేది.

"చీకట్లో మొలక, గింజలో ఉండే కూడు తిని బతుకుతాది. పచ్చదనం రావాలంటే వెలుతురు పడాల. ఆ పచ్చదనమే ఎండను పట్టి, గాలీ నీళ్ళూ కలిపి ఆకుకి కూడు వండేది. ఎండ లేకుంటే..."

అక్కడ ఆగిపోయింది. గదిలో దీపం కూడా పెట్టరు. పక్క కుండలన్నీ పాలిపోయే ఉన్నాయి. మరి ఈ ఒక్క కుండకు ఎండ ఎక్కడిది? చదివిన చదువే రుక్మణికి ఎదురు తిరిగింది.

"భువన వచ్చేసె" అని ఎవరో గొణిగారు.

"వచ్చేది లేదు, పోయేది లేదు. ఇదే ముట్టుకొనింది" అంది ధనమ్మాళ్. "మన ఆచారమంటే దీనికి ఎగతాళి. ఈ పూటే మీ అమ్మోళ్ళింటికి బయల్దేరు. నా కొడుక్కి నేను చెప్పుకుంటా."

రుక్మణికి ఏడుపు తన్నుకొచ్చింది. చేయని తప్పుకు కాపురం కూలిపోతోంది, కాదని చెప్పే నాథుడు లేడు.

"దాన్ని ఏమీ అనొద్దు, ధనం."

అందరూ వెనక్కి తిరిగారు. వసారాలో మామ సౌందరరాజు నిలబడి ఉన్నాడు. ఆ గదివైపు మగవాళ్ళు తొంగి చూడకూడదు. ఆయన చూస్తాడని ఎవరూ అనుకోలేదు కూడా.

"మధ్యాన్నం నువ్వు పడుకున్నప్పుడు గూట్లో తాళంచెవి తీసి, భువన కుండను మేడమీద ఎండలో పెట్టి, మళ్ళా లోపల పెడితిని. దినామూ."

"ఏమిటికి మామా?" అంది రుక్మణి.

పెద్దాయన తల వంచుకున్నాడు.

"ఏం చేసేదమ్మా? లోపల్నించి తలుపు తట్టతా ఉంటాది. 'నాయనా, చీకటిగా ఉండాది, బయంగా ఉండాది' అంటాది. కన్నోణ్ణి, ఎట్ల ఊరకుండేది?"

ధనమ్మాళ్ విరుచుకుపడుతుందని అందరూ ఆమెవైపు చూశారు. ఆమె గడపమీద కూలబడింది.

"మీకీ వినపడిందా?" అంది మొగుడితో. "నాకి మటుకే అనుకొని, నేను చెవుల్లో దూది పెట్టుకొని పడుకుంటిని."