ఆఖరి షరతు

మిల్లు నోటీసు బోర్డు ముందు చీపురు ఆపి నిలబడ్డాడు పండరి.

కొత్తగా అతికించిన కాగితాన్ని పెదవులు కదుపుతూ మెల్లగా చదువుతున్నాడు.

"జర జరుగు కాకా," అన్నాడు వెనక నుంచి సిద్దిరాములు. "అది పర్మినెంటోళ్ల నోటీసు. నీకెందుకు?"

పండరి పక్కకు జరిగాడు. కాని వెళ్లిపోలేదు.

మడికొండ దారిలోని ఆ నూలు మిల్లులో సిద్దిరాములుది ఇరవై ఆరేళ్ల సర్వీసు. అరవై ఆరేళ్ల పండరిని కాంట్రాక్టరు పంపి నెల కూడా కాలేదు. నేల మీద రాలిన దూదిని ఊడవడం అతని పని.

ఇన్నాళ్లూ పనిలో దెబ్బ తగిలితే మానేదాకా పూర్తి జీతం వచ్చేది. ఇకపై 'కార్మికుని తప్పు లేదు' అని సూపర్‌వైజరు రాసిస్తేనే వస్తుందట. అందుకు ఒప్పుకుంటూ పర్మినెంటు కార్మికులందరూ శుక్రవారంలోగా సంతకం చేయాలి.

మధ్యాహ్నం సద్దులు విప్పి కూర్చున్నారు సిద్దిరాములు, అతని దోస్తు నయీముద్దీన్, కండెలు చుట్టే లచ్చవ్వ.

"మొదలు బస్సు తీసిండ్రు," అన్నాడు నయీముద్దీన్. "తర్వాత క్యాంటీన్ల అన్నం బందు వెట్టిండ్రు. ఇప్పుడు ఇదొకటి."

"సంతకం వెట్టకపోతే ఏం జేస్తరు?" లచ్చవ్వ అడిగింది.

"కాంట్రాక్టుల ఏస్తరట. మేనేజర్ సారు చెప్పిండు."

"నాకు రిటైరుకు ఇంక నాలుగేండ్లే ఉన్నది," అంది లచ్చవ్వ. "ఇప్పుడు కాంట్రాక్టుల వడ్తే ఏం గావాలె?"

సిద్దిరాములు అన్నం కలపడం ఆపాడు.

"ఇన్నేండ్లల్ల మన ముగ్గురికి పెద్ద దెబ్బ తాకిందా? ఆ రూలు ఉంటేంది, పోతేంది. కొట్లాడే ఓపిక నాకైతే లేదు."

కొంచెం దూరంలో గోడకు ఆనుకుని కూర్చున్న పండరి గొంతు సవరించుకున్నాడు.

"సంతకం వెట్టకుండ్రి బిడ్డా."

ముగ్గురూ తిరిగి చూశారు.

"లేబర్ ఆఫీసుల పాత ఒప్పందం ఉన్నది. మీరు ఒప్పుకోకుంటే వాళ్లు దాన్ని ముట్టలేరు. ఒప్పుకుంటే మాత్రం మళ్ల రాదు."

"నీకెట్ల తెలుసు?"

పండరి చేతిలోని నీళ్ల సీసా మూత బిగించాడు.

"మొన్న వచ్చినవు," అన్నాడు సిద్దిరాములు. "ఇరవై ఆరేండ్ల సంది చేస్తున్నోళ్లకు నువ్వు చెప్తవా?"

"మొన్న వచ్చినోన్నే. అయినా చెప్తాన."

గురువారం పొద్దున పండరి మేనేజరు గదిలోంచి బయటికి రావడం సిద్దిరాములు కళ్లారా చూశాడు.

"చూసినవా నయీం భాయ్," అన్నాడు. "మనల్ని ఎగదోసి, ఎవరేం మాట్లాడిండ్రో ఆడ చెప్తాండు."

సాయంత్రం కాంట్రాక్టరు భానుచందర్ గేటు దగ్గర కనిపించాడు. సిద్దిరాములు అతన్ని పక్కకు పిలిచాడు.

"ఆ ముసలాయనను మార్చు. మా నడుమ కూసుండి మాటలు మోస్తాండు."

మర్నాడు వేరే మనిషి వచ్చి ఊడ్చాడు. పండరి ఏమయ్యాడని ఎవరూ అడగలేదు.

ఆ రోజే అందరూ వరసగా నిలబడి సంతకాలు చేశారు.

రెండు నెలలకు లచ్చవ్వ కుడిచెయ్యి మెషిన్ బెల్టులో పడింది. రెండు వేళ్లు పోయాయి.

'గాజులు తీయకుండా పని చేసినది. కార్మికురాలి తప్పు,' అని సూపర్‌వైజరు రాశాడు.

"గాజులు ఇంట్లనే వెట్టి వస్తనే అన్నా," అంది లచ్చవ్వ దవాఖాన మంచం మీద నుంచి. "ఇన్నేండ్ల సంది చూస్తానవు. నీకు తెల్వదా?"

సిద్దిరాములు ఆమె కట్టు వైపు చూడలేకపోయాడు.

అతనూ నయీముద్దీన్ లేబర్ ఆఫీసుకు వెళ్లారు. అక్కడి అధికారి హారిక ఫైలు తెప్పించి, సంతకాలున్న పేజీ చూపించింది.

"మీరే ఒప్పుకున్నరు కదా. ఇప్పుడు నేనేం చెయ్యాలె చెప్పండి. ఆ టైంల ఒక పెద్దాయన వచ్చి అభ్యంతరం రాసిచ్చిండు. అదే కాయితం మేనేజరుకు ఇస్తే తీసుకోలేదట. ఒక్క పర్మినెంటు కార్మికుడన్నా తోడు సంతకం పెడితే ఆపుతనని చెప్పిన. రేపు తోల్కొస్త మేడం అని పోయిండు. మళ్ల రాలే."

"ఎన్నడు వచ్చిండు?" సిద్దిరాములు అడిగాడు.

ఆమె తేదీ చెప్పింది. అది సంతకాలకు ముందు రోజు, గురువారం.

నయీముద్దీన్ బయటికి వెళ్లి భానుచందర్‌కు ఫోన్ చేశాడు. కాసేపటికి తిరిగి వచ్చాడు.

"ఊడ్చేటోళ్లు వస్తరు, పోతరు, అడ్రస్ ఎవరు రాసుకుంటరు అంటాండు."

సిద్దిరాములు బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"మేడం, ఆయన పేరు పండరి. మా దగ్గర నెల రోజులు చేసిండు, అంతే. పాత ఒప్పందం సంగతి ఆయనకెట్ల తెలిసిందో."

హారిక అతని వంక వింతగా చూసింది. ఫైలు అడుగు నుంచి అంచులు చిరిగిన కాగితం ఒకటి తీసి ముందు పెట్టింది. తొంభై మూడులో రాసుకున్నది.

సిద్దిరాములు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

'పనిలో గాయపడిన కార్మికునికి మానువరకు పూర్తి జీతమిచ్చుటకు యాజమాన్యము అంగీకరించినది,' అని ఉంది మొదట.

అన్నిటికన్నా కింద ఆఖరి షరతు ఉంది.

'ఇందుకు బదులుగా కార్మిక సంఘ కార్యదర్శి పండరి తన ఉద్యోగమును వదులుకొనుటకు, ఇకమీదట ఈ మిల్లులో పర్మినెంటు కొలువు కోరకుండుటకు అంగీకరించినాడు.'