పెద్దసారు వేలిముద్ర

పట్టపగలు మున్సిపల్ ఆవరణలోంచి పంపు మోటారు మాయమయ్యాక గానీ అక్కడ ఎవరికీ భద్రత అనే మాట గుర్తుకు రాలేదు.

వెంటనే కమిటీ వేశారు. దానికి పెద్దగా ఎవరుండాలంటే అందరూ పెద్దసారు వైపే చూశారు. ఆఫీసు, పంపుహౌసు, లారీల షెడ్డు, స్టోరు, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మిగతావాళ్లకు క్యాంటీనుకు తప్ప మరో దారి తెలియదని ఆయన నమ్మకం. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

ప్లాను గీయడానికి బయటి నుంచి ఒక భద్రతా నిపుణుడు వచ్చాడు. పెద్దసారు అతణ్ణి ఆవరణంతా తిప్పాడు.

"ఇదీ మా ప్రహరీ. మేకకు ఎగరాల్సిన పని కూడా లేదు, నడిచే వచ్చేస్తుంది. వాడు మా వాచ్‌మన్. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని గబగబా నడిచేవాడు ఎవడైనా సరే, లేచి సలాం కొడతాడు. మోటారు ఎత్తుకెళ్లినవాడికీ కొట్టే ఉంటాడు."

నిపుణుడు నవ్వాడు. "అందుకే సార్, గేటు దగ్గర వేలిముద్ర మిషన్ పెడదాం. ఒక్కొక్కరి అపాయింట్‌మెంట్ ఆర్డరు చూసి, పేరు ఎక్కించి, అప్పుడే లోపలికి."

పెద్దసారు మొహం చిట్లించాడు.

"ఇన్నేళ్లుగా పనిచేస్తున్నవాణ్ణి మిషన్ గుర్తుపట్టాలా?"

"రూలు అందరికీ ఒకటే కదండీ."

సాయంత్రం కమిషనర్ సంతకం పెట్టేలోపు ఆ ఒక్క ముక్క ప్లానులోంచి ఎగిరిపోవాలి. ఆయన వరండాలోకి వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు.

"ఆ మిషన్ వస్తే ఇక నేను ఈ గడప తొక్కను."

"తొక్కకండి. వచ్చి మన కొట్లో కూర్చోండి. మనకు అన్నం పెట్టేది అదేగా."

"కొట్లో నన్ను సార్ అనేదెవరే?" అని ఫోన్ పెట్టేశాడు. ఆ పిలుపు లేకుండా బతకడం ఆయన వల్ల కాదు.

మీటింగులో ఆయన లేచి నిలబడ్డాడు.

"గోడ ఎత్తు చేయండి, కెమెరాలు పెట్టండి, కుక్కల్ని పెంచండి, కాదనను. కానీ మేడమ్, వేలిముద్రలు దొంగల దగ్గర తీసుకుంటారు, ఉద్యోగుల దగ్గర కాదు."

రోజూ మధ్యాహ్నం కావస్తుండగా ఆవులిస్తూ వచ్చేవాళ్లంతా బల్లలు చరిచారు. మిషన్ అనగానే వాళ్లకు ఆత్మగౌరవం పొంగుకొచ్చింది.

కమిషనర్ మేడమ్ పెన్ను తీసింది. "మీ మాట కాదనలేనండీ. ఈ ఆఫీసులో ఒక్కరోజు కూడా సెలవు అడగనిది మీరొక్కరే." వేలిముద్ర అంశాన్ని అడ్డంగా కొట్టేసి కింద సంతకం పెట్టింది.

పెద్దసారు తన గదిలోకి వచ్చి కుర్చీలో వాలి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. గెలిచానన్న గర్వం కంటే, ఇంత తెలివితక్కువ వాళ్లేమిటన్న ఏవగింపే ఎక్కువగా ఉంది ఆయనకు.

ఎన్నో ఏళ్ల కిందట కుళాయి రావడం లేదని ఫిర్యాదు చేయడానికి వచ్చి, పట్టించుకునే దిక్కులేక, కాళ్లు పీకి ఖాళీగా ఉన్న ఆ కుర్చీలో కూలబడితే, ఎవరో ఒక ఫైలు తెచ్చి ముందు పెట్టి "సార్, సంతకం" అన్నారు, అంతే, ఆ రోజు నుంచీ ఆయన పెద్దసారు.