ఖాళీ గడి

"ఒరేయ్ బక్కోడా, నీ నాలుగో బొమ్మ బావి చుట్టూ తిరుగుతోంది చూడు. దానికి తల తిరుగుతోందో లేదో గాని, చూడలేక నాకు తిరుగుతోంది!"

మేస్త్రీ వెనకనుంచి అరిచాడు. ఆయన నడుముకున్న తాళాల గుత్తి గలగలమంది.

బక్కోడు ఉలిక్కిపడి తెర వైపు వంగాడు. వాడి అసలు పేరు వేరే ఉంది. ఆ ఇంట్లో పేర్లతో పనిలేదు. కంప్యూటర్ ఉద్యోగమంటే నమ్మి వచ్చాడు. వచ్చీ రాగానే ఫోనూ, కాగితాలూ లాక్కుని ఈ హాల్లో కూలేశారు. అంతే, మళ్ళీ గేటు అవతలి మొహం చూడలేదు.

పని చూస్తే పిల్లలాట. వీడియో గేములో ఏఐ ఏజెంట్లు వాటంతటవే ఆడతాయి. హాల్లో వాళ్ళకవి బొమ్మలు. అవి తవ్విన ఆటబంగారాన్ని యజమాని బయట అమ్ముకుంటాడు. దారి తెలియక బొమ్మ ఆగిపోతే, ఆ ఆట గురించి జనం రాసిపెట్టిన వికీలో వెతుక్కుంటుంది. అక్కడ అన్నీ గడులు గడులుగా ఉంటాయి. ఏ ఊరు, ఎక్కడుంది, లోపల ఏముంది, బయటపడే దారి ఏది. గడిలో తప్పుంటే బొమ్మ దారి తప్పుతుంది. దాన్ని దిద్దడం బక్కోడి పని. ఏం దిద్దినా ముందు మేస్త్రీ తెర మీద పడాలి. ఆయన నొక్కితేనే బయటికి పోతుంది.

"ఇంత చెత్త ఓపిగ్గా ఎవర్రాస్తార్రా?" అన్నాడు మేస్త్రీ.

"ఆటపిచ్చోళ్ళండీ. మా చెల్లెలూ రాస్తుంది, ఈ ఆటకే."

"అన్న తవ్వడం, చెల్లి రాయడం. భలే వంశంరా మీది!"

హాలంతా నవ్వింది. బక్కోడు నవ్వలేదు. పనీపాటా లేదా అని చెల్లెల్ని తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. వికీలో కొత్త గడి పడితే చాలు, అది అన్నం కూడా మానేసి చూసేది.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ హాల్లో గోడలకు కళ్ళు కూడా ఉన్నాయి. మూలమూలా కెమెరాలు. అవి లేనిది స్నానాల గదిలోనే, అక్కడికి ఒక్కొక్కరే వెళ్ళిరావాలి. మేస్త్రీ మాత్రం అందులో దూరాడంటే ఓ పట్టాన రాడు. పంపు ధారగా వదిలేసి కూర్చుంటాడు. "మేస్త్రీ కడుపులో ఏ బొమ్మ తిరుగుతోందో" అని మిగతావాళ్ళు నోళ్ళు మూసుకుని నవ్వేవారు.

మేస్త్రీ పడుకోవడం కూడా హాలు తలుపుకు అడ్డంగా చాప వేసుకునే. టీ గేటువాడు తెచ్చి ఊచల్లోంచి అందిస్తే తాగుతాడు. తనుగా టీకొట్టు దాకా పోయిన పాపాన పోలేదు. కుక్కకైనా అంత విశ్వాసం ఉండదని బక్కోడు పళ్ళు నూరుకునేవాడు.

ఇంతలో పిడుగులాంటి కబురు. సోమవారం బక్కోణ్ణి ఇంకో ఇంటికి అమ్మేస్తున్నారు. అక్కడికి పోయినవాళ్ళ ఊసు మళ్ళీ ఎవరూ వినలేదు.

ఇక తెగించాడు. వికీలో లేని ఊరొకటి పుట్టించాడు.

'చీకటి గిడ్డంగి. ఎక్కడ: ఇనుప పాము దారి పక్కన, బిస్కెట్ల కోట వెనక, పచ్చ తలుపు. లోపల: బందీలు. బయటపడే దారి:'

ఇల్లు అదిరేలా పోయే రైలు. పగలంతా ముక్కుకు తగిలే బిస్కెట్ల ఫ్యాక్టరీ వాసన. వచ్చిన రోజు చూసిన గేటు రంగు. వాడికి తెలిసిన చిరునామా అంతే. చివరి గడి ఖాళీగా వదిలేశాడు. చెల్లెలి కంట పడితే చాలు.

ముందు మేస్త్రీ కంట పడింది. ఆయన ముక్కు గోక్కుంటూ చాలాసేపు చూశాడు.

"ఈ ఆట తయారుచేసినవాడెవడో గాని, వాడి బుర్రలో గుజ్జు లేదు," అని విసుక్కుని నొక్కేశాడు.

ఆదివారం పొద్దున బక్కోడు బొమ్మ చేత ఆ ఊరు వెతికించాడు. ఖాళీ గడి నిండి ఉంది.

'బయటపడే దారి: ఏనుగు నీళ్ళు పోసే వేళ, నీళ్ళ గది కిటికీ. చువ్వలు వదులు.'

బక్కోడికి కళ్ళు చెమర్చాయి. పిచ్చిది, కనిపెట్టేసింది! నీళ్ళ ట్యాంకరు రావడం వీధిలోంచి చూసి ఉంటుంది. మరి చువ్వలో? ఎవణ్ణో పట్టి ఉంటుంది. అంతకుమించి ఆలోచించలేదు. మునిగేవాడు గడ్డిపోచ గట్టిదేనా అని అడగడు.

మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. మోటారు రొదకు చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. గేటువాడు గొట్టం పట్టుకుని మేడెక్కాడు. బక్కోడు చిటికెన వేలు చూపించాడు.

"తగలడు," అన్నాడు మేస్త్రీ.

స్నానాల గది కిటికీకి రెండే చువ్వలు. మొదటిది లాగగానే ఊడి చేతికొచ్చింది. కోసిన చోట సబ్బు మెత్తి ఉంది. రెండోది కదిలింది గాని రాలేదు. కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. చెమటకు చేతులు జారిపోతున్నాయి.

వెనక తలుపు కిర్రుమంది. తాళాలు గలగలమన్నాయి.

బక్కోడు తల తిప్పే ధైర్యం లేక అలాగే నిలబడిపోయాడు. వాడి భుజం మీదుగా మేస్త్రీ చెయ్యి వచ్చింది. వచ్చి అదే చువ్వను పట్టుకుంది.

"ఆ గడి నింపింది మీ చెల్లెలు కాదు తమ్ముడూ, బలంగా లాగు, ఈ గుత్తిలో గేటు తాళం ఏనాడూ లేదు."