ఇంటూకీ వాలుగీతకీ మధ్య

"ముందు ఎవరి పేరు కొట్టమంటారు?" అని అడిగాడు టైపిస్టు. అడగ్గానే నాలుక కరుచుకున్నాడు.

ఎదురుగా కూర్చున్న దంపతుల్లో భార్య కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. అవి పొట్టకూటి విద్యలు. అసలు విద్య అభిమాన కథలు. అంటే, ఎవరో సృష్టించిన పాత్రలకు ఇంకెవరో ప్రేమలు అంటగట్టి ఇంటర్నెట్‌లో రాసుకునే కథలు.

ఆ విద్యలో ఆమెది యానిమే అనే జపాన్ కార్టూన్ల శాఖ. అక్కడ ప్రేమికుల పేర్ల మధ్య ఇంటూ గుర్తు ఉంటుంది. ముందున్న పేరు ముందడుగు వేసినవారిది. పేర్లు తారుమారైతే కథే తారుమారు. ఆయనది పాశ్చాత్య సీరియళ్ల శాఖ. అక్కడ వాలుగీత పెడితే ప్రేమ, 'అండ్' గుర్తు పెడితే వట్టి స్నేహం. ఎవరి పేరు ముందున్నా ఒకటే.

పదేళ్ల కిందట ఒక చర్చావేదికలో ఈ భేదం మీదే పూర్వపక్షం, ఖండనం, ప్రతిఖండనం అంటూ పదకొండు వారాలు యుద్ధం చేశారు. పన్నెండో వారంలో పెళ్లి చేసుకున్నారు. యుద్ధం ఇంటికి మారింది.

ఇప్పుడు వాళ్ల చేతిలో ఆరు పేజీలున్నాయి. ఏడాదిపాటు ఎదురెదురుగా కూర్చుని, మాటమాటకీ బేరమాడి, కలిసి రాసుకున్న పేజీలు. ఇక పైపేజీయే మిగిలింది. ఎదుటి ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. ఇవాళ అందకపోతే మళ్లీ వచ్చే నెలే.

"ఆయన పేరే ముందుండాలి మాస్టారూ," అంది భార్య. "మొదలుపెట్టింది ఆయనే."

తమ శాస్త్రంలో వరుసకు అర్థమే లేదనీ, కనుక నిరభ్యంతరంగా ఆమె పేరే ముందు కొట్టవచ్చుననీ భర్త సెలవిచ్చాడు.

"అర్థం లేనప్పుడు మీ పేరు పెట్టుకుంటే అరిగిపోతారా?"

"నీకు ఉందిగా అర్థం. రేపు మీవాళ్లంతా ముందడుగు నాదేనంటారు."

"కాదా?"

ఆయన టైపిస్టు వైపు తిరిగి, గుర్తు మాత్రం 'అండ్' పెట్టమనీ, వాలుగీత వద్దనీ మెల్లగా అన్నాడు. ఆమె కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. ఆ గుర్తు తమ శాఖలో చెల్లదంది.

అక్షరక్రమంలో వేద్దామని టైపిస్టు రాజీ తెచ్చాడు. అక్షరక్రమం సిద్ధాంతం లేనివాళ్లకని ఇద్దరూ ఏకకంఠంతో తోసిపుచ్చారు. పెళ్లయ్యాక వాళ్లు ఏకీభవించిన రెండో విషయం అది. మొదటిది ఆ ఆరు పేజీలు.

ఐదు కొట్టింది. ఎదుట షట్టరు దిగింది. వాన అందుకుంది.

టైపిస్టు మిషన్‌లోంచి తెల్లకాగితం లాగేసి, ఒకే గొడుగు కింద మెట్లు దిగుతున్న ఆ ఇద్దరితో, "నాలుగు నెలలుగా ఇదే వరస, ముందు పేరెవరిదో ఇంట్లోనే తేల్చుకుని వస్తే, మీ విడాకుల అర్జీ ఐదు నిమిషాల్లో కొట్టేస్తాను," అన్నాడు.