బాతు లేచేదాకా

పొద్దున్నే పడవ పైకి వచ్చి ఆమె మొదట చేసే పని ముక్కు మూసుకోవడం. కళ్లు తెరిచి చూడటం ఆ తర్వాతే.

ఇవాళ కొంగ రెట్ట. ఉతికి ఆరేసిన తువ్వాలు మీద, సరిగ్గా మొహం తుడుచుకునే చోట. పక్కనే నీటికుక్క కొరికి వదిలేసిన చేప తలకాయ, దాని మీద ముసిరిన ఈగలు. ఎండకి కాలవలో పాచి వేడెక్కి కంపు కొడుతోంది.

"ఛీ," అంది. "మనుషులు బతికే చోటేనా ఇది?"

ఆయన పీట మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మెడలో బైనాక్యులర్ లేదు. పడవ అమ్మేద్దామని ఒప్పుకున్న రోజే దాన్ని పెట్టెలో పెట్టేశాడు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఈ పరాయి దేశపు కాలవలో పాత పడవ కొని కాపురం పెట్టించింది ఆయనే. ముప్పై ఏళ్లు ఇంట్లో "ఊ", "ఊహూ" తప్ప మాట్లాడని మనిషి ఇక్కడికొచ్చాక నోరు విప్పాడు. "ఇలా రా, లకుముకి పిట్ట. మెల్లగా రావే, ఎగిరిపోతుంది." ఆమె గరిటె పట్టుకునే వచ్చేది. ఆమెకి కనిపించేది పిట్ట కాదు, అది కూర్చున్న తాడు మీది తెల్లటి చారలు.

పక్క పడవల వాళ్లు సెలవులకని వచ్చి, కాళ్లు నీళ్లలో వేలాడేసుకుని, "స్వర్గం కదండీ," అనేవారు. స్వర్గంలో జలగలుంటాయని ఆమెకి ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఇక మరుగుదొడ్డి డబ్బా. చెప్పుకోకూడదు గానీ, చెప్పాలి. అది నిండగానే బండి మీద పెట్టి గట్టు చివరి గుంట దాకా తోసుకెళ్లి వంచాలి. ఆయనకి నడుం నొప్పి. కాబట్టి ఆమే. ఎంత జాగ్రత్తగా వంచినా చిందుతుంది. ఆ పూట ముద్ద దిగదు.

ఒకరోజు అలా చిందించుకుని వచ్చి, చేతులైనా కడుక్కోకుండా చెప్పేసింది: "ఈ కొంపలో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి. అమ్మేయండి."

ఆయన వాదించలేదు. "సరే," అన్నాడు. ఆ మర్నాటి నుంచి మళ్లీ "ఊ", "ఊహూ"ల్లోకి వెళ్లిపోయాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమె ఇంటా వంటా లేదు.

కొనే ఆసామి దొరికాడు. బేరం కుదిరింది. తీరా పడవ తీసుకెళ్దామని అతను వచ్చేసరికి, వెనక చుట్టలు చుట్టి పెట్టిన తాళ్ల మధ్య ఒక అడవి బాతు గుడ్లు పెట్టి కూర్చుంది. పొదిగే పక్షి ఉన్న పడవ కట్టు విప్పకూడదని ఆ రేవులో గట్టి నియమం. బాతు లేచేదాకా పడవ కదలదు.

అప్పట్నుంచీ ఆమె నోట బాతు తప్ప వేరే మాట లేదు. అది వచ్చి కూర్చున్న కొత్తలోనే నీటికుక్క ఒకటి అటువైపు దూరి బీభత్సం చేసింది. తాళ్ల నిండా పచ్చటి జిగట. ఆయన లేవకముందే బకెట్ల కొద్దీ నీళ్లు పోసి ఆమే కడిగింది. బాతు మాత్రం మళ్లీ వచ్చి కూర్చుంది. ఈకల్లో పేలు. అన్నిటికంటే ఘోరం, లేచినప్పుడు అది వేసే రెట్ట. రోజంతా బిగబట్టుకుని ఒక్కసారే వేస్తుంది, పిడికెడంత. ఆ వాసన దుప్పట్లకి పడుతుంది, టీలోకి కూడా వస్తుంది. దానికి తోడు ఈమధ్య అటు నుంచి కుళ్లు కంపు. ఆమె తోలు ఊడొచ్చేలా చేతులు రుద్దుకుంటూనే ఉంది.

"బాతు అక్కడుంటే నువ్వు చేతులు కడుక్కుంటావేమే?" అన్నాడాయన ఒకసారి.

"తలుచుకుంటేనే అంటుకున్నట్టుంటుంది."

ఇవాళ రేవు మేనేజరుని వెంటబెట్టుకుని ఆసామి వచ్చాడు. ఇదే ఆఖరు రావడమని ముందే చెప్పాడు. ఇవాళ కూడా పడవ కదలకపోతే ఇంకోటి చూసుకుంటాడు.

మేనేజరు వంగి చూశాడు. బాతు బుస్సుమంది. దాని పొట్ట కింద గుడ్డు ఒకటి తెల్లగా కనిపించింది.

"నెల దాటిపోయిందే. ఈపాటికి పిల్లలు రావాలి," అన్నాడు.

"దిక్కుమాలిన బాతు," అంది ఆమె. "కర్రతో అదిలించండి, అదే పోతుంది."

"గుడ్లున్నంతకాలం ముట్టుకోనమ్మా. నా ఉద్యోగం పోతుంది."

ఆసామి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఇంత కంపు ఎలా భరిస్తున్నారండీ?"

"భరించక ఏం చేస్తాం? మా ఖర్మ."

"ఇది పడవకి పట్టేసి ఉంటుంది. ఇక వదలదు. నాకొద్దండీ, మీకో దండం." అతను గట్టు మీదికి ఒక్క దూకు దూకాడు.

వాళ్లిద్దరూ కనుమరుగయ్యేదాకా ఆయన కదలకుండా నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్లాడు. పెట్టె తెరిచిన చప్పుడైంది. వచ్చేటప్పుడు మెడలో బైనాక్యులర్ ఉంది.

"కోపమొచ్చిందా?" అన్నాడు నెమ్మదిగా.

"రాక? ఇంకెన్నాళ్లు చావాలో ఈ రొచ్చులో."

"అదుగో, అవతలి గట్టున... రెండున్నాయి, చూడు," అంటూ ఆయన అప్పుడే పడవ ముందు వైపుకి నడుస్తున్నాడు. "అన్నట్టు, ఆమ్లెట్ వేస్తావా? నిన్నేగా డజను గుడ్లు తెచ్చాను."

"కుళ్లినవి అంటగట్టాడు. పారేశాను."

"మళ్లీనా? ఆ కొట్టు మార్చాలి," అన్నాడు, కళ్ల మీంచి బైనాక్యులర్ తీయకుండానే.

బాతు తిండికని నీళ్లలోకి దిగడం చూసి ఆమె ముక్కుకి కొంగు బిగించి కట్టుకుని పడవ వెనక్కి వెళ్లి, ఆనాడు నీటికుక్క తినేసిన బాతుగుడ్ల చోట తను పెట్టిన కోడిగుడ్లలో కుళ్లినవాటిని ఒక్కొక్కటే కాలవలోకి జారవిడిచి, చీర ఒడిలో దాచి తెచ్చిన నిన్నటి డజనూ గూట్లో పేర్చింది.