నియమంలో తప్పు

మా ఆయన ఫెర్మిన్‌ను ఆపరేషన్‌కు తీసుకెళ్లాక, వచ్చేసరికి మందులు సిద్ధం చేద్దామని వార్డు నర్సు కంప్యూటర్‌లో ఆయన ఫైలు తెరవబోయింది. తెరుచుకోలేదు.

"నీ మనవరాలు పెట్టిన నియమాలు దేవుడొచ్చినా దారివ్వవు పెద్దమ్మా" అని నన్ను దెప్పింది.

కొచబాంబా ఊళ్లోని ఆ ఆసుపత్రిలో ఎవరి ఫైలు ఎవరు చూడొచ్చో కంప్యూటర్‌కు నేర్పింది మా లిదియానే. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. తప్పు తనదైతే తీసేస్తారేమోనని నాకు ఒకటే దడ. ఒళ్లో వేరుసెనగ సూపు గిన్నె పెట్టుకుని, తప్పు పిల్లది కాకుండా చూడమని ఉర్కుపిన్యా మాతకు మొక్కుతూ కూర్చున్నాను.

లిదియా వచ్చి నర్సు పక్కన కూర్చుంది.

"నీది ఈ వార్డే. డ్యూటీ టైమూ ఇదే. నీ వైపు అంతా బాగానే ఉందక్కా."

"మరి నన్నెందుకు పొమ్మంటోంది?"

"ఉండు, తాతయ్య వైపు చూస్తా."

చూసింది. కీబోర్డు మీద లిదియా చేతులు ఆగిపోయాయి. ఆపరేషన్ గది వైపు తిరిగింది. డాక్టర్లింకా బయటికి రాలేదు.

"తప్పు నీదేనా తల్లీ?" అన్నాను భయంగా.

"కాదు అమ్మమ్మా. నియమం సరిగ్గానే పనిచేసింది."

హమ్మయ్య అని పైకే అన్నాను. తాతయ్య లేచాక పట్టమని సూపు గిన్నె అందించాను.

లిదియా అందుకోలేదు.

"చనిపోయినవాళ్ల ఫైలు వార్డులో ఎవరికీ తెరుచుకోకూడదని నేనే పెట్టాను" అంది.